వియత్నాంతో కుండమార్పిడి

మా అత్త వరహాలమ్మకి వియత్నాం ఎక్కడుందో తెలీదు. నాకూ తెలీదు గానీ, పలాసలో ఇంటర్ దాకా చదివినదాన్ని కదా, తెలిసినట్టు తల ఊపడం వచ్చు. రెండు వేల ఆరులో, జీడితోటలు పూతకొచ్చే రోజుల్లో, విశాఖపట్నం నుంచి యూనివర్సిటీ మేష్టారు వైకుంఠరావుగారు జీపు కట్టించుకుని ఉద్దానంలో ఉన్న మా ఊరు వచ్చారు. మా ఆడపడుచు అమ్ములు ఆయన దగ్గర ఎమ్మెస్సీ చదువుతోంది. తనని ఆరు నెలలపాటు వియత్నాం పంపడానికి మా అత్తని ఒప్పించాలని ఆయన వచ్చిన పని.

వసారాలో కుర్చీ వేసి, కొబ్బరిబొండం కొట్టి చేతికిచ్చాక ఆయన మొదలుపెట్టారు.

“మన యూనివర్సిటీకీ వాళ్ళ యూనివర్సిటీకీ ఒప్పందం ఉందమ్మా. మన విద్యార్థి అక్కడికి, వాళ్ళ విద్యార్థి ఇక్కడికి. మేష్టర్లమూ అంతే. కిందటేడు నేను వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పొచ్చాను, వాళ్ళ మేడమ్ ఒకావిడ వచ్చి మా దగ్గర చెప్పి వెళ్ళింది. వాళ్ళదీ జీడితోటల ప్రాంతమే. అమ్ములు అక్కడ ఎవరింట్లో ఉంటుందో, ఆ ఇంటి అమ్మాయే వచ్చి మీ ఇంట్లో ఉంటుంది. ఆ పిల్ల మీ తోటల మీద చదువుకుంటుంది, మీ పిల్ల వాళ్ళ తోటల మీద.”

అత్త చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

“ఉండు బాబూ. ఆల పిల్ల మనింటికి, మన పిల్ల ఆలింటికి. అంతేనా?”

“అంతేనమ్మా.”

“మరి కుండమార్పిడి అని సెప్పక, ఇందాకట్నుంచీ ఎక్సేంజీ ఎక్సేంజీ అంతావేటి?”

మేష్టారు నవ్వేశారు. “అలాంటిదే అనుకోండి,” అన్నారు. ఆయనకి ఆ పూట అత్త ఒప్పుకోలు కావాలి. పని జరిగితే చాలు, పేరు ఏదైతేనేం అనుకుని ఉంటారు. ఆ ఒక్క మాటతో ఆ కాపుకాలమంతా మా ఇల్లు ఎలా నడవాలో ఖరారైపోయిందని ఆయనకేం తెలుసు!

కుండమార్పిడి ఎరగనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఈ ఇంటి పిల్లని ఆ ఇంటి కుర్రాడికిచ్చి, ఆ ఇంటి పిల్లని ఈ ఇంటి కుర్రాడికి చేసుకుంటారు. నేను ఈ ఇంటికి అలా వచ్చినదాన్నే. ఈ ఇంటి అబ్బాయి మోహనకృష్ణకి నన్నిచ్చారు, ఆయన అక్క కాంతమ్మని మా అన్న ఢిల్లీరావు చేసుకున్నాడు. ఈ పెళ్ళిళ్ళకి ధర్మం ఒక్కటే. మా పిల్లని మీరెలా చూస్తే మీ పిల్లని మేమలా చూస్తాం. అక్కడ పిల్ల ఏడిస్తే ఇక్కడ పిల్ల ఏడుస్తుంది. అక్కడి పిల్ల అలిగి పుట్టింటికొచ్చేసిందంటే ఇక్కడి పిల్ల కూడా, తప్పున్నా లేకపోయినా, పెట్టె సర్దుకోవాల్సిందే.

“సరే పంపుతాను,” అంది అత్త. “గానీ ఒక మాట. ఆల పిల్ల మనింట ఉన్నన్నాల్లే మన పిల్ల ఆలింట ఉంటాది. ఆ పిల్ల ఎలిపోయిన్నాడు మన పిల్ల ఎనక్కొచ్చీవాల.”

మేష్టారు దానికీ తల ఊపారు. తలుపు వెనక నిలబడ్డ అమ్ములు మొహం మాత్రం పాలిపోయింది. ఆరు నెలలూ పూర్తి చేస్తేనే ఆ చదువు లెక్కలోకి వస్తుందట. మధ్యలో తిరిగొస్తే ఏడాది నీళ్ళలో పోసినట్టే. వెళ్ళే రోజున నా రెండు చేతులూ పట్టుకుంది. “ఒదినా, ఆ పిల్లెవరో గానీ దాన్ని ఎలాగైనా ఉంచు. నా సదువు నీ సేతిలో ఉన్నాది,” అంది.

అలా ఒక దేశం వ్యవహారం నా కొంగుకి ముడిపడింది.

*

పలాస స్టేషన్‌లో ఆ పిల్లని దింపుకోడానికి నేనూ మా ఆయనా వెళ్ళాం. ఊరి నుంచి ఇంకో ఆటో నిండా జనం, పిలవకుండానే వచ్చారు. దొరసాని దిగుతుందని వాళ్ళ ఆశ. రైల్లోంచి వీపున పెద్ద సంచీతో, కాళ్ళకి రబ్బరు జోళ్ళతో, భుజం దాకా ఉన్న నల్లజుట్టుని పిలకలా కట్టుకున్న చిన్న పిల్ల దిగింది. “ఇదేటి, మన పిల్లనాగే ఉన్నాది,” అని వెనకనుంచి ఎవరో నిట్టూర్చారు. పేరు లాన్. ఆటో ఊళ్ళోకి వచ్చేసరికి లానమ్మ అయిపోయింది.

అత్త ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, కుడికాలు పెట్టి లోపలికి రమ్మంది. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను నా కాలు చూపించాను. తనూ అలాగే పెట్టింది. అత్తకి అప్పటికే సగం మనసు కుదిరింది.

“అడగవే, ఆలు ఏటి తింతారు?”

నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. “అన్నం. మూడు పూటలా,” అంది లాన్.

“పరవానేదు. అన్నం తినే ఇంటికే ఇచ్చేం,” అంది అత్త, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఇక అక్కడినుంచి మొదలైంది మర్యాద. మా పెళ్ళి పట్టెమంచం లాన్‌కి వచ్చింది, మేం చాప మీదికి వచ్చాం. పొద్దున్నే గుడ్డు, మధ్యాహ్నం భావనపాడు నుంచి తెప్పించిన చందువా చేప, సాయంత్రం మినప సున్నుండ. స్నానానికి వేడినీళ్ళు నేను తోడాలి. కంచం తను ఎత్తబోతే అత్త లాక్కునేది. ఆ పిల్ల తోటకి వెళ్ళాలంటే అత్త ఎండ అంటుంది, చెట్టు కొమ్మ పట్టుకోవాలంటే పురుగు అంటుంది. పచ్చి జీడిపిక్క దగ్గరికైతే అసలు పోనిచ్చేది కాదు. పిక్క తొక్కలో ఉండే నూనె తగిలితే చర్మం పొక్కుతుంది కదా.

“ఆ పిల్ల సెయ్యి ఇక్కడ పొక్కితే, అక్కడ మనమ్ములు సెయ్యి పొక్కుతాది,” అనేది అత్త. ఆ నమ్మకం ముందు ఇంక ఎవరేం మాట్లాడతారు?

లాన్ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు, తనూ వాళ్ళని చూసేది. చేతిలో రంగురంగుల రిబ్బన్లు. పూత గుత్తులకి ఒక్కో రంగు రిబ్బన్ కట్టి, ఏది మాడుతోందో ఏది పిందె కడుతోందో చూడాలని వచ్చిందట. ఆ రిబ్బన్లన్నీ ఒళ్ళో పెట్టుకుని, గంటల తరబడి, విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేది. పాపం, నవ్వు మాత్రం మానలేదు. ఒక్కోసారి ఆ నవ్వు చూస్తే నాకు భయమేసేది. కొత్తకోడలి నవ్వు అది. నాకు బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం నూతి దగ్గర నేను బట్టలు ఉతుకుతుంటే వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుని ఇంగ్లీషులో చెప్పింది.

“మీ అత్త చాలా మంచిది. కానీ నేను కుర్చీలో కూర్చోడానికి రాలేదు. పూత వెళ్ళిపోతోంది. ఆదివారం మేష్టారు వస్తారు కదా, ఆయనతో విశాఖపట్నం వెళ్ళిపోతాను. అక్కడ ఏదో తోట చూపిస్తారు.”

నా చేతిలో చీర నీళ్ళలోకి జారిపోయింది. ఆ పిల్ల జీపెక్కిన రోజునే అమ్ములు విమానం ఎక్కాలి. ఆ సంగతి లాన్‌కి చెప్పలేదు. ఇంకొకరి బరువు నెత్తిన పెట్టి మనిషిని ఉండమనడం ఎలా ఉంటుందో అనుభవించినదాన్ని, ఆ పిల్లకి ఆ ఉచ్చు వెయ్యబుద్ధి కాలేదు. తిన్నగా అత్త దగ్గరికే వెళ్ళాను.

“అత్తా, ఆ పిల్లని తోటకి పంపు. పని సెయ్యనీ.”

“బుద్ధుందేటే నీకు? రేపు ఆలు అమ్ములు సేత పని సేయిస్తే?”

“ఆ పిల్ల ఎలిపోతానంతంది.”

“గుడ్లెట్టి సేపలెట్టి పువ్వునాగ సూసుకుంతంటే ఎందుకెలిపోద్ది? నీ నోట్లోంచే ఒత్తాయి ఇలాటి మాటలు.”

ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. ఆదివారం ఎంతో దూరం లేదు.

*

మంగళవారం సాయంత్రం వియత్నాం నుంచి ఫోనొచ్చింది. అమ్ములు ఫోనంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాల్సిందే. అత్తకి ఫోన్‌లో మాట్లాడ్డమంటే కేకలెయ్యడమే. అంత దూరం వినపడాలి కదా.

“తిన్నావేటే? ఎలా సూత్తన్నారే?”

అవతల అమ్ములు గలగలా చెప్పుకుపోతోంది. నేను చెవి దగ్గర చెవి పెట్టాను. “బాగా సూత్తన్నారమ్మా! పొద్దున్నే లాన్ వాళ్ళమ్మతో సంతకెల్తన్నాను. అంట్లు నానే తోముతన్నాను. మొన్న పచ్చి పిక్కలు నానే సీల్సి కూరొండేను, సేతులు పొక్కిపోనాయి...” పకపకా నవ్వు వినిపించింది. అంతలో లైను పోయింది.

అత్త ఫోను పెట్టలేదు. చేతిలో పట్టుకునే నిలబడింది. మొహం కందగడ్డలా అయింది.

“ఇన్నావా? నా కూతురి సేత అంట్లు తోమిత్తన్నారు! సేతులు పొక్కిపోయేటట్టు పిక్కలు సీల్పిత్తన్నారు!” అని మా ఆయన మీద విరుచుకుపడింది. “ఇక్కడ నాను ఆల పిల్లని కాలు కిందెట్టనియ్యకుండా సూత్తంటే! ఇదేనేట్రా మార్పిడంటే?”

“అమ్మా, అది నవ్వుతానే సెప్పింది...”

“నువ్వు నోర్ముయ్యి. ఓలె లానమ్మా! రా ఇటు!”

లాన్ పరుగున వచ్చింది. అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. పొద్దుటినుంచి పేరుకున్న అంట్లు గుట్టగా ఉన్నాయి. పక్కనే బూడిద, కొబ్బరిపీచు. చేపల పులుసు వండిన సత్తుదాక అడుగంటి నల్లగా ఉంది. అత్త వేలెత్తి ఆ గుట్టని చూపించి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఆ పిల్ల ఏడుస్తుందని, ఆ ఏడుపు సముద్రం దాటి వాళ్ళమ్మకి తగలాలని ఆవిడ కోరిక.

లాన్ అంట్ల వైపు చూసింది. అత్త వైపు చూసింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని పీట లాక్కుని కూర్చుంది. పీచు బూడిదలో అద్ది, దాక ఒళ్ళోకి తీసుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ తోమడం మొదలెట్టింది. దాక అడుగు తళతళలాడే దాకా వదల్లేదు. చివరికి దాన్ని పైకెత్తి అత్తకి చూపించి, “బాగున్నాదా?” అంది. వచ్చిన నెలలో తను నోరు విప్పి మాట్లాడిన మొదటి తెలుగు మాట అది.

అత్త లోపలికొచ్చి నన్ను మెల్లగా అడిగింది. “ఏడవదేటే ఇది?”

మర్నాడు తెల్లవారగానే తోటకి తోలింది. పచ్చి పిక్కలు చీల్పించింది. లాన్ చేతులు పొక్కాయి. నేను కొబ్బరినూనె రాస్తుంటే ఆ పిల్ల చేతులు చాపి అందరికీ చూపించుకుంది. వాళ్ళ ఊళ్ళోనూ చిన్నప్పుడు ఇలాగే పొక్కేవట, అవి చూడగానే ఇంటికి వెళ్ళినట్టుందట. ఆ పూట పచ్చి పిక్కల కూర ఎవరికీ మిగల్లేదు, అంతా తనే తింది. అత్త కసి తీరక నీళ్ళు మోయించింది. చేపలు కడిగించింది. ఆవిడ పనులు పెంచేకొద్దీ ఆ పిల్ల మొహం విచ్చుకునేది. నీళ్ళ బిందె చంకనెత్తుకుని వీధిలో నడుస్తూ ఇంటింటి ముందూ ఆగి “ఏటి సేత్తన్నావు?” అని పలకరించేది. పగ తీర్చుకోవడం ఇంత కష్టమని మా అత్తకి అంతకు ముందు తెలిసుండదు.

పనికి తోటకి వెళ్తోంది కదా, మధ్యలో రిబ్బన్లు కూడా కట్టేసింది. ఎర్రవీ, పచ్చవీ, నీలంవీ. మా తోట పెళ్ళివారి పందిరిలా అయింది.

ఆదివారం మేష్టారు వచ్చారు. ఆయన లాన్‌తో ఇంగ్లీషులో ఏదో మాట్లాడి, నా వైపు తిరిగారు. “విశాఖపట్నం వచ్చేస్తానని ఉత్తరం రాసింది. ఇప్పుడేమో పనుంది, కుదరదంటోంది. ఏం మందు పెట్టారు?”

“అంట్లు తోమించామండీ,” అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. అత్తకీ అర్థం కాలేదు, అదే ఆవిడ బాధ. ఆ సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

“పనిసెప్తే ఆనందవేటే ఆ గుంటకి?”

“కుర్సీలో కూకోబెడితే సుట్టం అత్తా. అంట్ల దగ్గర కూకోబెడితే ఇంటి పిల్ల. అమ్ములు కూడా నవ్వుతానే సెప్పింది కదా ఆ రోజు.”

“నవ్విందేటి?”

“నవ్వింది. నీ కేకల్లో నీకినపళ్ళేదు.”

అత్త చేటలోంచి ఒక వడ్లగింజ తీసి చాలాసేపు గిల్లింది. ఆ తర్వాత వచ్చిన ఫోన్‌లో మొదటిసారి “ఎలా సూత్తన్నారే?” అనలేదు. “ఏటొండేవే?” అని అడిగింది.

*

జీడిపండ్లు రాలే రోజులు వచ్చాయి. తోటంతా ఆ పుల్లటి వాసన. నేనూ లాన్ రాలిన పండ్లేరి, పిక్క మెలిపెట్టి తీసి గోనెలో వేసేవాళ్ళం, పండు ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్ళం. వాళ్ళూ అలాగే తింటారట. ఎంత దూరం నుంచి వచ్చినా ఉప్పూకారం దగ్గర కలిశాం అని ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ పిల్లకి ఎందుకు అనే మాట ఎక్కువ. అప్పటికి సగం తెలుగు, సగం ఇంగ్లీషు. చెట్టుకి పాత చెప్పు ఎందుకు కట్టారు? మీ ఆయన్ని బావా అని ఎందుకంటావు? ఊళ్ళో కొంతమంది ఆడవాళ్ళు కాళ్ళు వాచి, నెలకోసారి విశాఖపట్నం ఆస్పత్రికి ఎందుకు వెళ్తారు? కొన్నింటికి నాకు జవాబు తెలుసు. కొన్నింటికి, మా ఉద్దానం కిడ్నీ జబ్బులాంటి వాటికి, ఆ రోజుల్లో ఎవరికీ తెలీదు. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నవే అన్నీ. ఒక్కటీ నేను ఎందుకు అని అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు కుండమార్పిడి సంగతి వచ్చింది. నేను నవ్వించడానికే చెప్పాను, అత్త నిన్ను మార్పిడి పిల్ల అనుకుంటోందని. లాన్ నవ్వింది. నవ్వి, తర్వాత ఆగి, “నువ్వూ మార్పిడి పిల్లవేనా?” అంది.

“ఆఁ.”

“మంచిదేనా అది?”

ఏం చెప్పను? పెళ్ళైన రెండో యేడు జరిగింది చెప్పాను. అక్కడ మా అమ్మ పులుసు పలచనైందని కాంతమ్మ వదినని ఒక మాట అందట. వదిన అలిగి ట్రంకుపెట్టెతో పుట్టింటికి, అంటే ఇక్కడికి, వచ్చేసింది. మర్నాడు పొద్దున్న బస్సుకి నన్ను మా పుట్టింటికి ఎక్కించారు. నాకూ మా ఆయనకీ ఏ గొడవా లేదు. ఆ పులుసు నేను చూడనైనా లేదు. పెద్దలు కూర్చుని మాట్లాడి సర్దేదాకా మూడు నెలలు మా అమ్మింట్లో ఉన్నాను.

“నువ్వేమన్నావు?” అంది లాన్.

“ఏమీ అనలేదు.”

“ఎందుకు?”

నేను ఒక పండు తీసుకుని పిక్క మెలిపెట్టాను. ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు.

*

మే నెల మొదట్లో, ఎండలు మండుతున్నప్పుడు, పగటిపూట ఫోనొచ్చింది. అమ్ములు ఎప్పుడూ పగలు చెయ్యదు. గొంతు కూడా చిన్నది చేసి మాట్లాడింది.

“ఒదినా, లాన్ మామ్మకి బాగానేదు. మంచం పట్టీసింది, ఎన్నాల్లో ఉండదంతన్నారు. ఆవిడే లాన్‌ని పెంచింది. ఈలు సెప్పొద్దంతన్నారు, పిల్ల సదువు మద్దిలో పాడైపోతాదని. నాకు మనసొప్పలేదు. ఎవలికీ తెలీకుండా బయటికొచ్చి సేత్తన్నాను.”

“అమ్ములూ, ఆ పిల్ల ఎలిపోతే నీ సంగతి?”

“తెలుసొదినా. ఫోను లాన్‌కియ్యి.”

ఇచ్చాను. లాన్ వింటూ వింటూ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఇద్దరూ ఇంగ్లీషులో ఏం మాట్లాడుకున్నారో నేను పట్టించుకోలేదు. అత్తకి భాష అక్కర్లేకపోయింది. వచ్చి పక్కన కూలబడి, ఆ పిల్ల తల తన భుజం మీదికి లాక్కుంది. సంగతంతా నేను చెప్పాక ఒక్కటే అడిగింది.

“సెప్పింది మనమ్ములేనా?”

“అమ్ములే.”

మేష్టారు టిక్కెట్లు చూశారు. లాన్ పని చాలావరకు అయిపోయిందనీ, మిగతా చెట్లు తమవాళ్ళు చూసి రాసి పంపిస్తారనీ చెప్పారు. పలాస స్టేషన్‌లో అత్త ఆ పిల్ల చేతిలో చీరా, పసుపూ కుంకుమా పెట్టింది. లాన్ వంగి అత్త పాదాలు ముట్టుకుంది, ఎవరు నేర్పారో తెలీదు. నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అందులో సగం ఆ పిల్ల కోసం, సగం అమ్ములు కోసం.

ఇంటికొచ్చేసరికి ఇరుగుపొరుగు చేరారు. “మరింక అమ్ములొచ్చేత్తాది కదా,” అని ఒకరు, “మాటంటే మాటే కదా, మేష్టారితో ఒప్పందం,” అని ఇంకొకరు. మా ఆయన చెప్పులు విప్పుతూ మెల్లగా అడిగాడు.

“అమ్మా, మరి మేష్టారితో సెప్పమంతావేటి, అమ్ములికి కూడా టిక్కెట్టు తియ్యమని?”

అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి ముందు కూర్చుని ఎండు చింతబరికెలు ఒక్కొక్కటే విరుస్తూ ఉంది. అవసరానికి మించి విరిచింది. రెండు రోజులు టిక్కెట్టు ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను ఫోను వైపు చూడ్డానికే భయపడ్డాను.

మూడో రోజు సాయంత్రం మోగింది. అత్తే ఎత్తింది. నేను పక్కనే ఉన్నాను. అమ్ములు ముందు మామ్మ సంగతి చెప్పింది. లాన్ వచ్చేదాకా ప్రాణం నిలుపుకుందట, మనవరాల్ని గుర్తుపట్టిందట. తర్వాత చిన్న గొంతుతో, “మరి నన్నెప్పుడు రమ్మంతావమ్మా?” అంది.

అత్త కేకలెయ్యలేదు. ఆవిడ అంత మెల్లగా ఫోన్‌లో మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

“ఆల ముసిల్ది మంచం మీదున్నాది కాబట్టి ఆ పిల్ల ఎల్లింది. నీకేటొచ్చిందే? నీ పనయ్యీవరకూ ఇటు మొకం సూపించేవంటే కాల్లిరగ్గొడతాను. అంట్లు నువ్వే తోము. లానమ్మని ముసిల్దాని దగ్గరే కూకోనీ.”

“అమ్మా, మార్పిడి...”

“మార్పిడీ నేదు గీర్పిడీ నేదు. ఎవలి సదువు ఆలది. ఉంతాను.”

ఫోను పెట్టేసింది. మా ఆయన నవ్వుతూ వీధిలోకి వెళ్ళిపోయాడు, ఎవరికో చెప్పుకోవాలని. నాకు సంతోషం పొంగుకొచ్చింది. అమ్ములు గట్టెక్కింది, నా మాట నిలబడింది. ఆ సంతోషం వెనకాలే, సిగ్గుపడకుండా చెప్తున్నాను, కోపం కూడా వచ్చింది. ఎవరి చదువు వాళ్ళదైనప్పుడు ఎవరి కాపురం వాళ్ళది కాదా? ఈ ఒక్క మాట నా వంతు వచ్చినప్పుడు ఎక్కడికి పోయింది?

అన్నేళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను.

“అత్తా. కాంతమ్మొదిన అలిగి ఒచ్చీసిన యేడు, నన్నెందుకు పంపీసేవు?”

అత్త నా వైపు తిరిగింది. నేను ఆవిడని ఎందుకు అని అడగడం అదే మొదటిసారి. తిడుతుందనుకున్నాను. ఆవిడ గోడకి జారబడి కూర్చుంది.

“నాను పంపేనేటి?” అంది. “ఆ రోజు బస్సొచ్చీవరకూ గుమ్మంలోనే నిల్సున్నాను. ‘నానెల్లనత్తా’ అని నువ్వొక్క మాటంటే, అది పట్టుకుని అందరి నోల్లూ మూయించీదాన్ని. నువ్వు పలకలేదు. పెట్టె ముందేసుకుని సీరలు మడతలెట్టుకుంతన్నావు. నీకూ ఎలిపోవాలనే ఉందనుకున్నాను.”

నేను వెళ్ళి ఆవిడ పక్కనే గోడకి జారబడ్డాను.

“ఒక్కో సీరా మూడేసి సార్లు ఇప్పి మల్లీ మడతెట్టేనత్తా,” అన్నాను. “నువ్వు గుమ్మంలో ఉన్నావని తెలుసు. ఉండిపోవే అంతావేమోనని.”